ఈరీ ఏ పార్టీ ఊరు? పెన్సిల్వేనియాలో ఒక చిన్న నగరం ఓట్లను చదవడం ఎలా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చెల్లెలి కుటుంబం ఉద్యోగరీత్యా పెన్సిల్వేనియాలోని ఈరీకి మారుతోంది. 2012లో ఒబామా, 2016లో ట్రంప్, 2020లో బైడెన్, 2024లో మళ్లీ ట్రంప్ అక్కడ గెలిచారని చదివారు. ఇంతకీ అది డెమొక్రాట్ల ఊరా, రిపబ్లికన్ల ఊరా, లేక గాలి ఎటు వీస్తే అటు వాలే ఊరా? ఫలితాలు చూసి ఈ సంగతి మనంతట మనం ఎలా తేల్చుకోవాలి?

సూటిగా చెప్తాను. ఈరీ నగరం గట్టి డెమొక్రాట్ ఊరు. ఈరీ కౌంటీ మాత్రం దాదాపు సగం సగం. మీరు చదివిన ఫలితాలన్నీ కౌంటీవి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. టీవీలో మ్యాప్ మీద ఎర్ర రంగు (రిపబ్లికన్) నుంచి నీలానికి (డెమొక్రాట్), నీలం నుంచి ఎరుపుకు మారేది ఆ జిల్లా మొత్తం. ఊరి నడిబొడ్డున ఉన్న బూత్‌లు ఆ నాలుగు ఎన్నికల్లోనూ ఒకే వైపు ఉన్నాయి. కాబట్టి "గాలి ఎటు వీస్తే అటు" అనే మాట సగమే నిజం. గాలికి ఊగేది కౌంటీలో ఒక పొర మాత్రమే.

ఆ పొరలేవో ముందు చూద్దాం. కౌంటీ జనాభా 2020 లెక్కల్లో 2,70,876. అందులో నగరంలో ఉన్నది 94,831 మంది, అంటే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. 1960లో ఇదే నగరంలో 1,38,440 మంది ఉండేవారు. ఇది గుర్తుంచుకోవాల్సిన అంకె. నగరం డెమొక్రాట్లకు ఎంత మొగ్గినా, ఆ మొగ్గును మోసే తలలు అరవై ఏళ్లలో మూడింట ఒక వంతు తగ్గిపోయాయి. తూర్పు వైపు ఒకప్పటి పోలిష్ పేటలు, పడమర ఇటాలియన్ పేట, నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉండే నడి ప్రాంతం, గత పాతికేళ్లలో వచ్చి స్థిరపడ్డ బోస్నియా, ఇరాక్, సిరియా, కాంగో శరణార్థులు, భూటాన్ నుంచి వచ్చిన నేపాలీలు కలిసి నగర ఓటు.

నగరాన్ని ఆనుకుని ఉన్న చుట్టు పొరలో అన్నిటికంటే పెద్దది మిల్‌క్రీక్ టౌన్‌షిప్. టౌన్‌షిప్ అంటే నగరం బయట సొంత స్థానిక పాలన ఉన్న ప్రాంతం. సుమారు 54 వేల జనాభా. షాపింగ్ మాల్, డాక్టర్లు, టీచర్లు, రిటైరైన ఫ్యాక్టరీ కార్మికులు అందరూ ఇక్కడే. దాని పక్కన ఫెయిర్‌వ్యూ, హార్బర్‌క్రీక్, సమ్మిట్ టౌన్‌షిప్‌లు. ఊగేది ఈ పొర. మూడో పొర దక్షిణాన, తూర్పున, పడమర ఉన్న పల్లెలు, చిన్న పట్టణాలు: కోరీ, యూనియన్ సిటీ, గిరార్డ్, ద్రాక్షతోటల మధ్య ఉన్న నార్త్ ఈస్ట్ అనే పట్టణం. ఇవి గట్టిగా రిపబ్లికన్. యూనివర్సిటీ ఉన్న ఎడిన్‌బరో వీటి మధ్య వేరుగా నిలుస్తుంది.

కౌంటీలో ఎవరు గెలుస్తారన్నది ఈ మూడు పొరల బరువుల లెక్క. నగరంలో ఎంత మెజారిటీ వచ్చింది, పల్లెలు దాన్ని ఎంత మింగాయి, మిల్‌క్రీక్ ఎటు తూగింది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే ఫలితం దొరికినట్టే.

ఇప్పుడు అంకెలు. శాతాలు కాసేపు పక్కన పెట్టి ఓట్లనే చూడండి, కథ వాటిలోనే ఉంది.

2012: ఒబామా 68,036, రోమ్నీ 49,025.
2016: క్లింటన్ 58,112, ట్రంప్ 60,069.
2020: బైడెన్ 68,286, ట్రంప్ 66,869.

2012లో 19 వేల మెజారిటీ. నాలుగేళ్ల తర్వాత 1,957 ఓట్లతో ఓటమి. 1984లో రీగన్ తర్వాత ఈ కౌంటీని గెలిచిన మొదటి రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి ట్రంప్. డెమొక్రాట్లకు దాదాపు పది వేలు తగ్గాయి, రిపబ్లికన్లకు పదకొండు వేలు పెరిగాయి. రెండు పార్టీల మొత్తం మాత్రం 1,17,061 నుంచి 1,18,181కి మారింది, అంటే దాదాపు అంతే. చూడగానే "పది వేల మంది అటు నుంచి ఇటు దూకారు" అనిపిస్తుంది. చాలా వ్యాసాలు అక్కడే ఆగిపోయాయి. కానీ నాలుగేళ్లలో కొందరు చనిపోతారు, కొందరు ఊరు వదిలిపోతారు, కొందరికి 18 నిండుతాయి. ఆ ఏడు మూడో పార్టీలకూ చెప్పుకోదగ్గ ఓట్లు పడ్డాయి, కొందరు ఇంట్లోనే ఉండిపోయారు. మొత్తం మారనంత మాత్రాన మనుషులు మారలేదని అనుకోకూడదు. దూకినవాళ్లున్నారు, నిజమే. ఎందరన్నది ఈ రెండు వరుసల నుంచి తేలదు.

అసలు విషయం 2020 వరుసలో ఉంది. బైడెన్‌కు వచ్చినవి ఒబామా ఓట్ల కంటే 250 ఎక్కువ. అంటే 2016లో పోయినంత సరుకూ తిరిగొచ్చింది. మరి మెజారిటీ 19 వేల నుంచి 1,417కి ఎందుకు పడింది? ట్రంప్ ఓట్లు తగ్గలేదు కాబట్టి. తగ్గకపోగా మరో 6,800 పెరిగాయి. డెమొక్రాట్లు తమ ఓటు తాము తిరిగి తెచ్చుకున్నారు, ఎదుటివారి కొత్త ఓటును మాత్రం కదపలేకపోయారు. 2024లో మళ్లీ ఒక శాతం అటూ ఇటూ తేడాతో ట్రంప్ గెలవడం ఈ వరుసకు కొనసాగింపే. దాన్ని పెద్ద తిరుగుబాటుగా చదవక్కర్లేదు. ఇంత దగ్గరి పోటీలో వానపడ్డా ఫలితం మారుతుంది.

కారణాల గురించి అడిగితే అందరూ మొదట చెప్పేది ఫ్యాక్టరీ. అందులో అబద్ధం లేదు. నగరాన్ని ఆనుకుని ఉన్న లారెన్స్ పార్క్‌లో జనరల్ ఎలక్ట్రిక్ వారి రైలింజన్ల కర్మాగారం వందేళ్లకు పైగా నడిచింది. కంపెనీ ఇంజన్ల తయారీలో కొంత టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌కు మళ్లించింది. 2015లో ఈరీలో 1,500 ఉద్యోగాల వరకు తీసేస్తామంది. ఆ ప్రకటనకూ 2016 ఓటుకూ మధ్య దాదాపు ఏడాదే. 2019 ఫిబ్రవరిలో కర్మాగారం వాబ్‌టెక్ చేతికి వెళ్లింది, వెళ్లిన రోజుల్లోనే కార్మికులు తొమ్మిది రోజులు సమ్మె చేశారు. 2023లో మళ్లీ సమ్మె జరిగింది. అంతకు ముందు 2002లో హామర్‌మిల్ కాగితం మిల్లు మూతపడింది.

అయితే ఫ్యాక్టరీ ఒక్కటే చాలదు. ఫ్యాక్టరీ లేని పల్లె టౌన్‌షిప్‌లు కూడా అదే కాలంలో అటే జరిగాయి. చదువు, చర్చి, వయసు, తుపాకి చట్టాలు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. నాలుగేళ్లకోసారి కెమెరాలు పట్టుకొచ్చి అదే టిఫిన్ హోటల్లో అదే నలుగురు టోపీల పెద్దమనుషులను అడిగి వెళ్లే విలేకరులు ఫ్యాక్టరీ కథ ఒక్కటే మోసుకెళ్తారు. చదవండి, కానీ లెక్క వేసేటప్పుడు దాన్ని పక్కన పెట్టండి.

క్రాస్ ఓటింగ్ ఇక్కడ ఎక్కువ. ఎంపీకి ఒక పార్టీ, ఎమ్మెల్యేకు ఒక పార్టీ అని మన దగ్గర లెక్కలు వేస్తుంటారే, అదే. 2020లో కౌంటీలో బైడెన్ గెలిచారు. అదే రోజు, కౌంటీలో ఎక్కువ భాగం ఉన్న 49వ రాష్ట్ర సెనేట్ స్థానాన్ని రిపబ్లికన్ డాన్ లాఫ్లిన్ సులువుగా నిలబెట్టుకున్నారు. 2022లో గవర్నర్‌కు షాపిరో, అమెరికా సెనేట్‌కు ఫెటర్‌మన్, ఇద్దరు డెమొక్రాట్లూ కౌంటీని గెలిచారు. షాపిరో ఆధిక్యం ఫెటర్‌మన్ కంటే చాలా పెద్దది. ఆ తేడా చాలావరకు బ్యాలెట్‌లో ఒక గడి దగ్గర ఒక పార్టీకి, పక్క గడి దగ్గర మరో పార్టీకి గుర్తు పెట్టినవాళ్లదే. 2019లో వచ్చిన 77వ చట్టం ఒక్క మీట నొక్కితే పార్టీ మొత్తానికి ఓటు పడే సౌకర్యాన్ని తీసేసింది. 2020 నుంచి ప్రతి పదవికీ విడిగా గుర్తు పెట్టాలి. కాబట్టి 2020కి ముందు, తర్వాత కింది పదవుల అంకెలను పోల్చేటప్పుడు ఈ మార్పు గుర్తుండాలి. అలాగే కింది పదవుల దగ్గర ఖాళీగా వదిలేసేవాళ్లు కూడా ఉంటారు, ఆ ఖాళీలను ఎదుటి పార్టీ ఖాతాలో వేయకండి.

కౌంటీ పాలన నడిపే కౌంటీ ఎగ్జిక్యూటివ్ పదవి ఇంకో పాఠం. 2021లో రిపబ్లికన్ బ్రెంటన్ డేవిస్ గెలిచారు, 2025లో డెమొక్రాట్ క్రిస్టినా వోగెల్ ఆయన్ను ఓడించారు. ఈ స్థానిక ఎన్నికలు బేసి సంవత్సరాల్లో వస్తాయి, పోలింగ్ శాతం అధ్యక్ష ఎన్నికల కంటే చాలా తక్కువ. తక్కువమంది వచ్చినప్పుడు ఏ పార్టీ వాళ్లు కసిగా వచ్చారన్నదే ఫలితం. వీటిని చూసి వచ్చే అధ్యక్ష ఎన్నికలకు జోస్యం చెప్పేవాళ్లను నమ్మకండి.

పార్లమెంటు స్థానాన్ని అసలు కొలబద్దగా తీసుకోవద్దు. ఈరీ కౌంటీ 16వ స్థానంలో ఉంది. ఆ స్థానంలోనే బట్లర్, మెర్సర్, లారెన్స్, క్రాఫర్డ్ కౌంటీలూ ఉన్నాయి. రిపబ్లికన్ మైక్ కెల్లీ ప్రతిసారీ గెలుస్తున్నారంటే ఆ బలం దక్షిణాన ఉన్న కౌంటీల నుంచి కూడా వస్తోంది. పైగా 2011 హద్దుల మార్పులో ఈరీ కౌంటీ రెండు స్థానాల మధ్య చీలింది, 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు గీసిన మ్యాప్‌లో మళ్లీ ఒకటైంది. 2012–2016 ఎంపీ ఫలితాలను తర్వాతి వాటితో పక్కపక్కన పెడితే అర్థం లేని లెక్క వస్తుంది.

రిజిస్టర్ అయిన పార్టీని ఓటుగా చదవకండి. పెన్సిల్వేనియాలో ఓటరుగా నమోదయ్యేటప్పుడే పార్టీ పేరు రాస్తారు, ఆ పార్టీ ప్రైమరీలో మాత్రమే ఓటుంటుంది. ఏ పార్టీ రాయనివారికి అభ్యర్థులను ఎంపిక చేసే ప్రైమరీలో ఓటు లేదు. నగరంలో మేయర్ ఎన్నిక నిజంగా తేలేది మే నెలలో జరిగే డెమొక్రాట్ ప్రైమరీలోనే. 2025 మేలో ఉన్న మేయర్ జో షెంబర్‌ను డారియా డెవ్లిన్ ఓడించింది అక్కడే. అందువల్ల నగరంలో ఉండే రిపబ్లికన్ మనస్కులు కొందరు మేయర్ ఎంపికలో తమ మాట ఉండాలని డెమొక్రాట్‌గానే నమోదై ఉంటారు. తాత, తండ్రి యూనియన్ కాలం నుంచి అదే పార్టీ పేరుతో ఉండి, అధ్యక్షుడికి మాత్రం ట్రంప్‌కు వేసేవాళ్లు ఇంకా ఎక్కువ. జాబితాలో డెమొక్రాట్లు ఎక్కువగా కనిపించే మిల్‌క్రీక్ బూత్‌లో రిపబ్లికన్ గెలిస్తే అందులో వింత లేదు. రెండు పార్టీల నమోదు మధ్య దూరం ఏళ్లుగా తగ్గుతోంది. దానిలో పెద్ద భాగం ఎప్పుడో ఓటు మార్చుకున్నవాళ్లు కాగితం మీద ఇప్పుడు మార్చుకోవడమే.

స్కూల్ బోర్డు, జడ్జి పదవులకు ఒకే అభ్యర్థి రెండు పార్టీల ప్రైమరీల్లోనూ పోటీ చేయవచ్చు. రెండింట్లోనూ గెలిస్తే నవంబరు బ్యాలెట్‌లో ఆ పేరు పక్కన రెండు పార్టీలూ ఉంటాయి. ఆ ఫలితాలు పార్టీ బలం చెప్పవు, పక్కన పెట్టేయండి.

మీరే లెక్క వేసుకోవాలంటే ఇలా చేయండి. కౌంటీ ఎన్నికల కార్యాలయం ప్రతి ఎన్నిక తర్వాత ప్రిసింక్ట్‌వారీ ఫలితాలు పెడుతుంది. ప్రిసింక్ట్ అంటే మన పోలింగ్ బూత్. ఒక స్ప్రెడ్‌షీట్‌లో మొదటి నిలువు వరుసలో బూత్ పేరు, తర్వాత నమోదైన ఓటర్లు, పోలైన ఓట్లు, రెండు పార్టీల ఓట్లు, మిగతావి, చివర మెజారిటీ పెట్టుకోండి. ప్రతి బూత్‌కూ పక్కన న, చు, ప అని నగరం, చుట్టు, పల్లె గుర్తు వేయండి. మూడు గుంపులుగా కూడి, 2012, 2016, 2020, 2024 నాలుగు పక్కపక్కన పెట్టండి. అధ్యక్ష పదవితో పాటు గవర్నరో, సెనేటో ఒకటి కలిపితే క్రాస్ ఓటింగ్ కూడా బయటపడుతుంది. ఒక సాయంత్రం పని.

ఇందులో చెడేవి మూడు. మొదటిది బూత్ హద్దులు. రెండు బూత్‌లు కలిపేస్తారు, ఒకటి విడదీస్తారు. పేరు అదే ఉన్నా వీధులు మారి ఉండొచ్చు. నమోదైన ఓటర్ల సంఖ్య ఒక్కసారిగా ఎగిరినా పడినా అక్కడ హద్దు మారిందని అనుమానించండి. రెండోది పోస్టల్ ఓట్లు. కొన్ని పత్రాల్లో ఇవి బూత్ అంకెలో కలిసి ఉంటాయి, కొన్నింటిలో వేరే నిలువు వరుసలో ఉంటాయి. ఆ వరుసను మరిచి బూత్‌లో పడ్డవి మాత్రమే కూడితే 2020లో ఈరీ కౌంటీ మొత్తం ఎర్రగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఏడు పోస్టు ద్వారా వేసినవాళ్లలో డెమొక్రాట్లు చాలా ఎక్కువ. మీ మొత్తం పైన ఇచ్చిన 68,286, 66,869తో సరిపోతేనే ముందుకు వెళ్లండి.

మూడోది అన్నిటికంటే మోసకారి. బూత్ అంకె నుంచి మనుషుల గురించి తేల్చేయడం. ఉదాహరణకు వెయ్యి ఓట్ల బూత్‌లో మూడు వందల మంది శరణార్థి పౌరులున్నారనుకుందాం. ఆ బూత్‌లో డెమొక్రాట్‌కు 620 వచ్చాయి. శరణార్థులంతా డెమొక్రాట్లకు వేశారా? వాళ్లు మూడు వందలూ వేసి మిగతా ఏడు వందల్లో 320 మందే వేసినా 620 వస్తుంది. వాళ్లలో 150 మంది వేసి మిగతావాళ్లలో 470 మంది వేసినా 620 వస్తుంది. అంకె ఒక్కటే, కథలు రెండు. ఇది తేలాలంటే అలాంటి జనాభా ఉన్న పది బూత్‌లు, లేని పది బూత్‌లు పక్కపక్కన చూడాలి, అప్పుడు కూడా అంచనాయే. విద్యార్థులుండే బూత్‌లలోనూ ఇదే చిక్కు. గానన్ యూనివర్సిటీ చుట్టుపక్కల మన తెలుగు పిల్లలు చాలామంది ఎమ్మెస్ చేస్తుంటారు. జనాభాలో వాళ్లు కనబడతారు, ఓటర్లలో ఉండరు. జనాభాతో భాగించి "ఇక్కడ పోలింగ్ శాతం ఘోరం" అంటే తప్పు.

లెక్కింపు రాత్రి గురించి ఒక్క మాట. మన దగ్గర రౌండ్లవారీగా ఆధిక్యం మారినట్టే ఇక్కడా మారుతుంది, కారణం వేరు. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం పోస్టల్ కవర్లను ఎన్నిక రోజు ఉదయం 7 గంటలకు ముందు విప్పకూడదు. 2020లో బూత్ ఓట్లు ముందు వచ్చి ట్రంప్ ముందున్నారు, కవర్లు విప్పుతున్న కొద్దీ బైడెన్ దాటారు. ఆ మార్పును చూసి దొంగలెక్క అన్నవాళ్లున్నారు. లెక్కింపు వరుస తెలిస్తే అనుమానమే రాదు. 2022లో వచ్చిన చట్టం కింద రాష్ట్ర నిధులు తీసుకునే కౌంటీలు కవర్లను ఆపకుండా లెక్కించాలి, అందుకే ఇప్పుడు రాత్రి 8 దాటగానే పెద్ద పోస్టల్ కట్ట ముందుగా పడి డెమొక్రాట్ ఆధిక్యం కనిపించి, తర్వాత కరగడం కూడా జరుగుతుంది. తొలి గంట అంకెలు చూసి సంబరపడొద్దు, బెంగపడొద్దు. మిల్‌క్రీక్ బూత్‌లు సగం వచ్చేదాకా ఆగండి.

ఇక మీ చెల్లెలి కుటుంబానికి పనికొచ్చేవి. వాళ్లలో పౌరసత్వం ఉన్నవారు ఎన్నికకు 15 రోజుల ముందు నమోదు కావాలి. పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 8. ఒక బూత్‌లో మొదటిసారి వేసేవారు గుర్తింపు కార్డు పట్టుకెళ్లాలి. పోస్టల్ బ్యాలెట్ కావాలంటే దరఖాస్తు ఎన్నికకు వారం ముందు సాయంత్రం 5 లోపు చేరాలి, నింపిన బ్యాలెట్ ఎన్నిక రోజు రాత్రి 8 లోపు కార్యాలయానికి చేరాలి. పోస్టాఫీసు ముద్ర మీది తేదీ లెక్కలోకి రాదు. బ్యాలెట్‌ను ముందు లోపలి గోప్యత కవర్లో పెట్టి, దాన్ని బయటి కవర్లో పెట్టి, సంతకం చేసి, ఆ రోజు తేదీ రాయాలి. లోపలి కవర్ మరిచిపోతే ఓటు చెల్లదు. 2024లో ఈరీలో వేలమందికి పోస్టల్ బ్యాలెట్లు ఆలస్యంగా వచ్చాయి లేదా రాలేదు, కోర్టు కల్పించుకుని కార్యాలయం వేళలు పొడిగించాల్సి వచ్చింది. రెండు వారాలకు కూడా కవర్ రాకపోతే ఎదురుచూడకుండా స్వయంగా వెళ్లి అడగడం మేలు.

గ్రీన్‌కార్డు, హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఓటరుగా నమోదు కాకూడదు. ఇది నిర్లక్ష్యం చేస్తే బాగా నష్టపోయే చోటు. డ్రైవింగ్ లైసెన్స్ కేంద్రంలో తెర మీద ఓటరు నమోదు ప్రశ్న వస్తుంది. పౌరులు కానివారికి కూడా పాత యంత్రాల్లో ఆ ప్రశ్న కనిపించేదని 2017లో రాష్ట్రమే ఒప్పుకుంది. 2023 సెప్టెంబరు నుంచి లైసెన్స్‌తో పాటు నమోదు తనంతట తాను జరిగే పద్ధతి వచ్చింది, వద్దనుకుంటే మనమే వద్దనాలి. కౌంటర్‌లో తొందరలో "అవును" నొక్కేసి ఇంటికి ఓటరు కార్డు వస్తే, వెంటనే కౌంటీ కార్యాలయానికి రాతపూర్వకంగా రద్దు కోరి, వాళ్లిచ్చిన కాగితం భద్రంగా దాచాలి. పౌరసత్వం కోసం నింపే ఎన్-400 దరఖాస్తులో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా" అని అడుగుతారు. ఆ గడి దగ్గర ఏం రాయాలో తెలియని స్థితి వస్తే దరఖాస్తు పంపకముందే ఇమ్మిగ్రేషన్ లాయరును కలవాలి. చందాల విషయంలోనూ తేడా ఉంది: గ్రీన్‌కార్డు ఉన్నవారు అభ్యర్థులకు చందా ఇవ్వవచ్చు, వీసా మీద ఉన్నవారు ఇవ్వకూడదు. ఇంటి ముందు బోర్డు పెట్టడం, సభకు వెళ్లి వినడం ఎవరైనా చేయవచ్చు.